ప్రోగ్రామింగ్ కమ్యూనిటీల్లో ఏది రాయాలి, ఏది రాయకుండా ఆపుకోవాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. రెండేళ్లుగా కోడ్ రాస్తున్నారు. ప్రోగ్రామింగ్ కమ్యూనిటీల్లో రోజూ చదువుతారు కానీ ఏమీ రాయరు. ఒక ప్రశ్న మొత్తం టైప్ చేసి, డౌన్‌వోట్లు (బాగాలేదని వేసే ఓట్లు) పడతాయేమోనని చెరిపేశారు. వందల ఓట్లున్న ఒక జవాబులో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (యూజర్ టైప్ చేసిన మాట డేటాబేస్‌కు ఆదేశంగా మారిపోయే లోపానికి) దారితీసే కోడ్ కనిపించినా, అంత పేరున్న మనిషికి నేను చెప్పేదేముందని ఊరుకున్నారు. మీ పుల్ రిక్వెస్ట్‌లో (ప్రాజెక్టులో చేర్చమని మీరు పంపిన కోడ్‌లో) రివ్యూయర్ అడిగిన మార్పు తప్పని తెలిసినా "సరేనండి" అని మార్చేశారు. ఇదంతా మర్యాదా, భయమా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. మూడుచోట్లా మీరు రాయాల్సింది. ఊరుకోవడం వల్ల ఎవరికీ గౌరవం దక్కలేదు, అవసరమైన విషయం మాత్రం ఆగిపోయింది.

మనిషి మీద మాట ఉంటే తీసేయండి. కోడ్ గురించిన సమాచారం ఉంటే ఉంచండి. పోస్ట్ చేసేముందు ఏదైనా వాక్యం చెరిపేయాలనిపిస్తే, అది లేకపోతే చదివేవారికి తెలియకుండా పోయేది ఏమైనా ఉందా అని చూసుకోండి. ఏ వెర్షన్ వాడారు, ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నారు, ఎక్కడ అనుమానం ఉంది, ఎవరికి నష్టం. వీటిలో ఏదైనా పోతుంటే ఆ వాక్యం ఉండాల్సిందే. పోయేది మీ విసుగో, వెటకారమో, అవతలివారి తెలివిమీద మీ అంచనానో అయితే నిశ్చింతగా చెరిపేయండి.

నేను ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి చాలా ఏళ్లుగా మెయింటెయినర్‌ని (దాన్ని నిర్వహించే బాధ్యత నాది), ఒక చాట్ కమ్యూనిటీలో మోడరేటర్‌ని. నా అనుభవంలో మొరటుగా రాసిన బగ్ రిపోర్టుల కంటే, జంకుతో సగం విషయం దాచేసిన రిపోర్టుల మీద పోయే సమయమే ఎక్కువ. కోపంగా రాసిన మనిషి కనీసం ఎర్రర్ మెసేజ్ మొత్తం పెడతాడు. జంకేవారు మూడు వాక్యాల క్షమాపణ రాసి, అసలు ఎర్రర్‌ను "ఏదో సమస్య వస్తోంది" అని కుదించేస్తారు.

మీ భయం ఊరికే పుట్టింది కాదు

ఇది ముందే ఒప్పుకోవాలి. "ఏం కాదు, ధైర్యంగా రాసేయండి" అని చెప్పేవాళ్లు చాలామంది ఈ కమ్యూనిటీల్లో పాత కాపులు, కొత్తవారిగా ఉండటం ఎలా ఉంటుందో వాళ్లు మర్చిపోయారు. ప్రోగ్రామింగ్ ప్రశ్నలు, జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో నడిపే సంస్థే 2018 ఏప్రిల్‌లో, తమ సైటు చాలామందికి, ముఖ్యంగా కొత్తగా కోడ్ నేర్చుకునేవారికి, మహిళలకు, ఆహ్వానించే చోటుగా లేదని బహిరంగంగా ఒప్పుకుంది. అదే ఏడాది ఆగస్టులో కొత్త ప్రవర్తనా నియమావళి తెచ్చింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగమైన కెర్నల్ ప్రాజెక్టులో, దాని సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తన కటువైన మెయిళ్లకు 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. ఆ సమయంలోనే కెర్నల్ కూడా పాత నియమాలు మార్చి కంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా ఆధారంగా కొత్త నియమావళి పెట్టుకుంది. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ 2017లో చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో సగంమంది ఇతరుల మధ్య చెడు ప్రవర్తనను కళ్లారా చూశామన్నారు, 18 శాతం మంది తామే ఎదుర్కొన్నామన్నారు. అలాంటివి చూసినవారిలో, ఎదుర్కొన్నవారిలో 21 శాతం మంది ఆ ప్రాజెక్టుకు పనిచేయడమే మానేశామన్నారు.

అందుకని మీకు అనిపించింది మీ మనసు బలహీనత కాదు. కానీ ఒక తేడా తెలుసుకుంటే భయం చాలావరకు తగ్గుతుంది: కొన్ని చోట్ల మనకు అవమానంలా తగిలేది నిజానికి ఆ చోటు పనిచేసే పద్ధతి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైనప్పటినుంచీ ఒక్కో ప్రశ్నకు ఒకే మంచి పేజీ ఉండాలన్న ఆలోచనతో నడుస్తోంది. రేపు గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చేవారి కోసం ఆ పేజీ. అక్కడ డూప్లికేట్ అని క్లోజ్ చేస్తే మీ జవాబు ఫలానాచోట ఇప్పటికే ఉందని అర్థం, మీకు తెలివి లేదని కాదు. ప్రశ్న మీద ఒక డౌన్‌వోట్ పడితే పోయేది 2 రెప్యుటేషన్ పాయింట్లు (ఓట్లను బట్టి పెరిగే, తగ్గే స్కోరు). అదే జవాబు మీద డౌన్‌వోట్ వేస్తే వేసినవారికి కూడా ఒక పాయింటు పోతుంది. కారణం చెప్పకుండా ఓటు వేయడం అక్కడ నియమం ప్రకారం తప్పేమీ కాదు. అది బాధ పెడుతుందని నాకూ తెలుసు, కారణం రాసి ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను. కానీ అది మనిషిమీద తీర్పు కాదు. క్లోజ్ అయిన ప్రశ్నను సరిచేసి మళ్లీ తెరిపించుకునే దారి కూడా అక్కడే ఉంది. చాలామంది కొత్తవారు అది తెలియక ఖాతానే వదిలేసి వెళ్లిపోతారు.

ఇంకో మాట. 1995 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1855 అనే పాత ఇంటర్నెట్ మర్యాదల పత్రం, ఏదైనా మెయిలింగ్ లిస్టులో రాసేముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమంటుంది. ఇప్పటికీ అది మంచి సలహానే. మీరు రెండేళ్లుగా చదువుతున్నారు, ఆ షరతు ఎప్పుడో తీరిపోయింది.

ప్రశ్న రాసేటప్పుడు

జంకేవారు చేసే పని ఒకటి నేను పదేపదే చూస్తాను. తమకు అనవసరం అనిపించిందల్లా తీసేస్తారు, ఎక్కువ రాస్తే విసుక్కుంటారని. మా లైబ్రరీకి ఒకాయన తేదీలు ఒకరోజు వెనక్కి పోతున్నాయని రెండు వాక్యాల్లో రిపోర్టు పెట్టారు. ఎవరికీ ఆ బగ్ కనిపించలేదు. అటూ ఇటూ చాలాసార్లు అడిగాక, ఆయన మొదటి డ్రాఫ్టులో "నా సర్వర్ యూటీసీలో ఉంది, బ్రౌజర్ వేరే టైమ్‌జోన్‌లో ఉంది, ఇది సంబంధం లేని విషయం కావచ్చు" అని రాసి, తెలివితక్కువగా కనిపిస్తుందని తీసేశానని చెప్పారు. మొత్తం బగ్ ఆ ఒక్క వాక్యంలో ఉంది. "సంబంధం లేకపోవచ్చు" అని మీకనిపించిన విషయాన్ని ఆ మాటతో సహా రాసేయండి. సంబంధం ఉందో లేదో తేల్చే పని చదివేవారిది.

అలాగే, మీరు అసలు సాధించాలనుకున్నది రాయండి. ఒక పని చేయడానికి ఒక దారి ఎంచుకుని, ఆ దారిలో ఇరుక్కుని, ఇరుక్కున్నచోటు గురించి మాత్రమే అడుగుతుంటారు. దీన్నే ఎక్స్‌వై సమస్య అంటారు. స్ట్రింగ్‌లో చివరి మూడు అక్షరాలు ఎలా తీయాలని అడుగుతారు, వాళ్లకు కావాల్సింది ఫైల్ ఎక్స్‌టెన్షన్. అది మూడక్షరాలే ఉంటుందన్న నమ్మకం ఏమిటి? అసలు ఉద్దేశం దాచడం కూడా ఎక్కువసార్లు సంకోచం వల్లే. "నేను చేస్తున్న పని మొత్తం చెప్తే నవ్వుతారేమో" అని.

తీసేయాల్సినవి కూడా ఉన్నాయి. పొడవైన క్షమాపణలు, "నేను కొత్త, తిట్టకండి" లాంటి మొదళ్లు, "అర్జెంట్", "ఎవరైనా నిపుణులు ఉన్నారా" అని అడిగి ఆగిపోవడం. చాట్‌లో "హలో, ఒక ప్రశ్న అడగొచ్చా" అని రాసి ఎదురుచూడకండి, అనుమతి అక్కర్లేదు, నేరుగా ప్రశ్న పెట్టేయండి. చిన్న థాంక్స్ రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, స్టాక్ ఓవర్‌ఫ్లో లాంటి చోట్ల మాత్రం అదీ తీసేస్తారు. తీసేస్తే నొచ్చుకోకండి.

మీ సొంత భద్రత కోసం తప్పనిసరిగా దాచాల్సినవి వేరే. ఏపీఐ కీలు (ఒక సేవను వాడటానికి ప్రోగ్రామ్‌కు ఇచ్చే రహస్య సంకేతాలు), పాస్‌వర్డులు, కస్టమర్ల పేర్లు, కంపెనీ లోపలి సర్వర్ల చిరునామాలు, నిజమైన యూజర్ల డేటా. ఇక్కడ ఎంత జంకితే అంత మంచిది. కంపెనీ కోడ్‌ను యథాతథంగా పెట్టకుండా, అదే తప్పు వచ్చే చిన్న ఉదాహరణను మొదటినుంచి రాయండి. దీనికి ఇంకో లాభం ఉంది, ఆ చిన్న ఉదాహరణ రాస్తూ రాస్తూనే సగంమందికి జవాబు దొరికిపోతుంది. పొరపాటున కీ బయటపడితే ముందు ఆ కీని రద్దు చేయండి, పోస్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. చెరిపేసినా కోడ్ మార్పులన్నీ దాచుకునే గిట్ చరిత్రలో, సైటు ఎడిట్ చరిత్రలో, ఎవరి కాష్‌లోనో అది ఉంటుంది. ఆటోమేటిక్‌గా కీల కోసం వెతికే బాట్లు మనకంటే వేగంగా ఉంటాయి.

ఒకసారి పెట్టింది వెనక్కి తీసుకోవడం కష్టమని కూడా గుర్తుంచుకోండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో మనం రాసినది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది, ఖాతా తీసేసినా రాత మిగులుతుంది. 2024లో ఓపెన్ఏఐతో ఒప్పందం నచ్చక తమ జవాబులు చెరిపేయబోయిన కొందరి ఖాతాలను అక్కడ నిలిపివేశారు కూడా. దాని న్యాయాన్యాయాలు వేరే చర్చ. మీకు పనికొచ్చే భాగం ఇది: పబ్లిక్‌గా ఉండటం ఇష్టంలేని విషయాన్ని తర్వాత చెరుపుదామన్న ధైర్యంతో పెట్టకండి.

ఓట్లున్న తప్పును తప్పనడం

మీ రెండో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎస్‌క్యూఎల్ క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) యూజర్ ఇచ్చిన విలువను స్ట్రింగ్‌గా అతికించే జవాబును వందలమంది కాపీ చేసుకుంటారు. మీరు ఊరుకుంటే జవాబు రాసినవారికి వచ్చే నష్టం ఏమీ లేదు. నష్టమంతా రేపు దాన్ని తన ప్రాజెక్టులో పెట్టే కుర్రవాడిది, ఆ ప్రాజెక్టు యూజర్లది. వాళ్లెవరూ మీకు తెలియదు. అందుకే ఊరుకోవడం సులువుగా ఉంటుంది.

ఇలా రాయొచ్చు:

"ఈ పద్ధతి పనిచేస్తుంది, కానీ పేరు అనే విలువ యూజర్ నుంచి వస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు అవకాశం ఉంది. పేరులో ఒక సింగిల్ కోట్ పెట్టి చూస్తే క్వెరీ విరిగిపోతుంది. విలువను క్వెరీలో అతికించకుండా పారామీటర్‌గా విడిగా పంపితే ఆ సమస్య ఉండదు."

అంతే. ఇందులో రాసినవారి గురించి ఒక్క మాట లేదు. మీ అర్హత గురించీ లేదు. ఎవరైనా తమ కంప్యూటర్లో వేసి చూడగల ఒక పరీక్ష ఉంది. పరీక్షించగలిగే మాటకు హోదా అక్కర్లేదు. "నేనెవరిని" అన్న ప్రశ్న అక్కడితో పోతుంది. కామెంట్ రాయడానికి స్టాక్ ఓవర్‌ఫ్లోలో చాలాకాలంగా 50 రెప్యుటేషన్ అడుగుతూ వచ్చారు. అది లేకపోతే పారామీటర్లతో పూర్తి జవాబు విడిగా రాయండి, దానికి సాధారణంగా రెప్యుటేషన్ అడ్డం కాదు.

రికర్స్ సెంటర్ అనే ప్రోగ్రామర్ల సంస్థ సామాజిక నియమాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: ఆశ్చర్యం నటించకూడదు. "ఏంటి, మీకు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు తెలియవా?" అన్న వాక్యంలో సమాచారం సున్నా. అవతలివారిని చిన్నబుచ్చడం తప్ప దానికి వేరే పని లేదు. నా మోడరేషన్‌లో నేను ఎక్కువగా తీయించే వాక్యాలు ఇవే, బూతులు కాదు. బూతు అరుదు, దాన్ని అందరూ గుర్తుపడతారు. ఈ ఆశ్చర్యం మాత్రం రోజూ వస్తుంది, చదివిన కొత్తవారు మళ్లీ అడగరు.

అదే నియమాల్లో ఇంకోటి ఉంది: అనవసరమైన "నిజానికైతే..." సవరణలు వద్దు. ఎవరో మాట్లాడుతుంటే ఫలితం మారని చిన్న వివరాన్ని సరిదిద్దడం. అక్కడ ఊరుకోవడం మంచి పనే. మీరు చూసిన ఎస్‌క్యూఎల్ తప్పు ఈ రకంలోకి రాదు, ఎందుకంటే అది ఫలితాన్ని మారుస్తుంది.

ఊరుకోవడమే మేలైన సందర్భాలు

అన్నిచోట్లా నోరు విప్పమని నేను అనడం లేదు. మీరు చెప్పబోయేది అప్పటికే ఎవరో చెప్పి ఉంటే, మళ్లీ చెప్పడంలో కొత్త సమాచారం లేదు. దీనివల్ల కలిగే నష్టాన్ని మెయింటెయినర్లు బాగా చూశారు. గిట్‌హబ్ ఇష్యూల్లో (బగ్‌లు, కోరికలు రాసే పేజీల్లో) "ప్లస్ వన్" అని వందల కామెంట్లు వచ్చి అసలు వివరాలు మునిగిపోయేవి. చాలామంది మెయింటెయినర్లు కలిసి 2016 జనవరిలో గిట్‌హబ్‌కు బహిరంగ లేఖ రాశారు, మార్చిలో బొటనవేలు గుర్తు లాంటి రియాక్షన్లు వచ్చాయి. మీ మద్దతు తెలపడానికి ఆ గుర్తు చాలు. మీ దగ్గర వేరే వెర్షన్‌లోనో, వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో అదే తప్పు వస్తుంటే మాత్రం కామెంట్ రాయండి, అది కొత్త సమాచారం.

చిన్న విషయం మీద పెద్ద గొడవ జరుగుతున్నప్పుడు కూడా అంతే. 1999లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో, కొంతసేపు ఆగమని చెప్పే స్లీప్ కమాండ్ సెకనులో భాగాలను అంగీకరించాలా వద్దా అన్నదాని మీద సాగిన వాదన ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. కష్టమైన మార్పు మీద మాట్లాడాలంటే అది అర్థం కావాలి. తేలికైనదాని మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది, అందుకే అందరూ రాస్తారు.

ఈ రద్దీకి మనుషులు చెల్లించే మూల్యం నిజమైనది. పైథాన్ భాష సృష్టికర్త గిడో వాన్ రోసమ్ 2018 జులైలో తుది నిర్ణయాలు తీసుకునే స్థానం నుంచి తప్పుకున్నాడు. వాల్రస్ ఆపరేటర్ అని పిలిచే గుర్తును భాషలో చేర్చే పెప్ 572 అనే ప్రతిపాదన మీద జరిగిన సుదీర్ఘ వాదన తర్వాత, ఒక ప్రతిపాదన కోసం ఇంతగా పోరాడి, ఇంతమంది తన నిర్ణయాన్ని అసహ్యించుకోవడం మళ్లీ చూడాలని లేదన్నాడు. ఆ వాదనలో చాలామంది చెప్పినవి సహేతుకమైన సాంకేతిక అభ్యంతరాలే. విడివిడిగా చూస్తే ఎవరూ తప్పు చేయలేదు. కానీ ఒకే అభ్యంతరాన్ని ఒకే మనిషి చుట్టూ అంతమంది చెప్పడం ఎలా ఉంటుందో, ఏ ఒక్కరికీ కనిపించదు. అందుకే రాసేముందు థ్రెడ్ మొత్తం చదవండి. విసుగు అనిపించే పనే, అయినా మర్యాదలో అతి పెద్ద భాగం అదే.

రివ్యూలో "సరేనండి"

రివ్యూయర్ అడిగిందల్లా ఒప్పుకోవడం వినయంలా కనిపిస్తుంది. కానీ రివ్యూ అంటే ఆ కోడ్‌ను ఇద్దరు చూశారన్న హామీ. మీకు తెలిసిన కారణాన్ని దాచి మార్చేస్తే ఆ హామీ పోతుంది. ఇద్దరూ ఒప్పుకున్నారని చరిత్రలో ఉంటుంది, నిజానికి ఒక్కరే ఆలోచించారు.

మా ప్రాజెక్టులో ఒకావిడ నెట్‌వర్క్ కోడ్‌లో వింతగా కనిపించే ఒక షరతు పెట్టారు. రివ్యూ చేసిన వ్యక్తి ఇది అనవసరం, తీసేయమన్నారు. ఆవిడ రెండు వాక్యాలు రాశారు: "కొన్ని ప్రాక్సీలు (మధ్యవర్తి సర్వర్లు) లోపల ఏమీ లేకుండానే 200, అంటే 'అంతా సరే' అన్న జవాబు పంపుతున్నాయి, అందుకని పెట్టాను, లాగ్ ఇక్కడ ఉంది. అయినా తీసేయాలంటే తీసేస్తాను, కానీ అప్పుడు ఈ టెస్టు ఫెయిలవుతుంది." షరతు ఉండిపోయింది, ఆ వాక్యాలు కోడ్‌లో కామెంటుగా చేరాయి. ఆవిడది మొదటి పుల్ రిక్వెస్ట్. రివ్యూయర్‌కు కోపం రాలేదు, రావడానికి అందులో ఏమీ లేదు.

ఆ రాతలో నాకు నచ్చేది, నిర్ణయం ఎవరిదో ఆవిడ స్పష్టంగా వదిలేయడం. మెయింటెయినర్ చివరికి వద్దంటే వద్దు, ప్రాజెక్టు భారం వారిది. మీ బాధ్యత కారణం ముందు పెట్టడం వరకే. ఒకసారి చెప్పండి, కొత్త ఆధారం దొరికితే రెండోసారి చెప్పండి.

అర సెకను గురించి రాసిన మనిషి

ఊరుకోవడానికి అన్ని సాకులూ ఉన్నచోట ఊరుకోని మనిషి గురించి చెప్పాలి. 2024 మార్చిలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు, డెబియన్ (ఒక లినక్స్ రకం) నడిచే తన యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని కనిపించింది. దాన్ని తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో పెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది. మార్చి 29న ఆయన రాసిన మెయిల్‌ను మర్యాదకు, నిజాయితీకి నమూనాగా నేను కొత్తవారికి చూపిస్తాను. తాను సెక్యూరిటీ పరిశోధకుణ్ని కాదని, రివర్స్ ఇంజనీర్‌ని కాదని, చాలా భాగం ఇంకా విశ్లేషించలేదని అందులోనే రాశాడు. కానీ ఆ కారణంతో చూసినదేదీ దాచలేదు. లాగులు, కొలతలు, అనుమానాలు అన్నీ పెట్టాడు.

మీ పరిమితి చెప్పడం వేరు, మీరు చూసింది చెప్పకపోవడం వేరు. మీరు ఆ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఎక్కడ చెప్పాలో కూడా ఆయన ఆలోచించాడు. ముందు డెబియన్ భద్రతా బృందానికి, తర్వాత లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల (డెబియన్ లాంటి రకాల) భద్రతా మెయిలింగ్ లిస్టుకు రహస్యంగా తెలిపి, ఆ తర్వాతే బహిరంగం చేశాడు. అసలు ప్రాజెక్టులోని వారి హస్తమే ఉన్నట్టు కనిపించడంతో అక్కడ బగ్ పెట్టలేదు. మామూలు బగ్‌లకు ఇదంతా అక్కర్లేదు. కానీ భద్రతా లోపం అనిపిస్తే పబ్లిక్ ఇష్యూ తెరవకుండా ముందు ప్రాజెక్టు రిపాజిటరీలో సెక్యూరిటీ ఫైల్ చూడండి, ఎవరికి పంపాలో అందులో ఉంటుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబులోని బలహీనమైన కోడ్ అలాంటిది కాదు, దాన్ని అక్కడే బహిరంగంగా చెప్పాలి.

ఎక్స్‌జెడ్ కథలో రెండో సగం కూడా మీకు పనికొస్తుంది. 2022లో కొన్ని ఖాతాలు ఆ ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులో, పని నెమ్మదిగా సాగుతోందని, ఇంకొకరికి బాధ్యత ఇవ్వాలని మెయింటెయినర్ మీద ఒత్తిడి తెచ్చాయి. ఇది తాను జీతం లేకుండా చేసే పనని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి అధికారం అందుకున్న కొత్త సహాయకుడి ఖాతా నుంచే తర్వాత ఆ బ్యాక్‌డోర్ వచ్చింది. ఆ సహాయకుడి సందేశాలు ఓపికగా, మర్యాదగానే ఉండేవి. కాబట్టి మెత్తటి మాటను బట్టి మనిషిని నమ్మకండి, కటువైన మాటను బట్టి తప్పని తీసేయకండి. ఎదుటివారి రాతకు కూడా అదే పరీక్ష: అందులో సరిచూసుకోగల విషయం ఏముంది?

విషయం నిజమైనా, చెప్పిన తీరు ప్రాజెక్టునే దెబ్బతీసిన సందర్భాలూ ఉన్నాయి. రస్ట్ భాషలో ఆక్టిక్స్ వెబ్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో అన్‌సేఫ్ కోడ్ (భాష చేసే భద్రతా తనిఖీలను దాటేసే కోడ్) వాడకం మీద వచ్చిన సాంకేతిక విమర్శలో పస ఉంది. కానీ అది ఆ మెయింటెయినర్ మీద వ్యక్తిగత దాడిగా మారి, 2020 జనవరిలో ఆయన ప్రాజెక్టునే వదిలేశాడు. తర్వాత ఇంకొకరికి అప్పగించాల్సి వచ్చింది. విమర్శకుల్లో కొందరు కోడ్ దాటి మనిషి దగ్గరకు వెళ్లకపోయి ఉంటే ఆ లోపాలు ఆయన చేతే సరిదిద్దించగలిగేవారని నా నమ్మకం.

కొందరికి ఈ లెక్క వేరు

నేను చెప్పినదంతా అందరికీ ఒకే ధరకు దొరకదు. గిట్‌హబ్ పుల్ రిక్వెస్టుల మీద 2017లో పీర్‌జే కంప్యూటర్ సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మొత్తంమీద మహిళల కోడ్ పురుషుల కోడ్ కంటే ఎక్కువగా అంగీకారం పొందింది. కానీ ప్రాజెక్టుకు కొత్తవారై, ప్రొఫైల్ చూడగానే మహిళ అని తెలిసేలా ఉంటే ఆ అంగీకారం తగ్గింది, అదే పరిస్థితిలో పురుషులకు తగ్గినదానికంటే ఎక్కువగా తగ్గింది. కాబట్టి ఎవరైనా మారుపేరుతో, బొమ్మ లేని ప్రొఫైల్‌తో రాస్తే దాన్ని పిరికితనం అనకండి. మీరూ అలా మొదలుపెట్టొచ్చు. కోడ్ గురించిన మాటకు అసలు పేరు అవసరం లేదు.

వేధింపు మొదలైతే జవాబు చెప్పే బాధ్యత మీకు లేదు. బ్లాక్ చేయండి, స్క్రీన్‌షాట్ తీసుకుని మోడరేటర్లకు పంపండి. నియమావళి ఉండి, ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసి లేని చోటు నుంచి తప్పుకోవడం తెలివైన పని.

మరో కొత్త అలవాటు గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషు మీద నమ్మకం లేక, చాలామంది తమ రాతను ఏఐతో మెత్తగా దిద్దించి పెడుతున్నారు. వ్యాకరణం వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ అలా వచ్చిన రిపోర్టుల్లో ఎర్రర్ మెసేజ్ మాటలు మారిపోయి, వెర్షన్ నంబర్లు పోయి, "కొన్ని సందర్భాల్లో అనుకోని ప్రవర్తన" లాంటి వాక్యాలు మిగులుతున్నాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ రాసిన జవాబులను నిషేధించింది. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి వాడే కర్ల్ లాంటి ప్రాజెక్టులు ఏఐ అల్లిన బూటకపు భద్రతా రిపోర్టులతో విసిగిపోయి ఉన్నాయి. అందుకని నున్నటి రాత కనిపిస్తే మెయింటెయినర్లకు ఇప్పుడు అనుమానమే వస్తోంది. తప్పులతోనైనా మీరు రాసిందే పెట్టండి, ఎర్రర్ మాత్రం అక్షరం మార్చకుండా కాపీ చేయండి. నాకు వచ్చే మంచి రిపోర్టుల్లో చాలావాటికి వ్యాకరణం సరిగ్గా ఉండదు, వాటివల్ల నాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు.

చాలామంది పబ్లిక్‌గా అడగడానికి మొహమాటపడి నాకు ప్రైవేటుగా మెసేజ్ పెడతారు. వారికి నేను జవాబిస్తాను, కానీ ఆ జవాబు ఇంకెవరికీ దొరకదు, నేను అందుబాటులో లేకపోతే వారికీ దొరకదు. అందుకే ఈ ప్రశ్నను మీరు అందరిముందు అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది.

ఇక మీ మూడు పనులు. ఎస్‌క్యూఎల్ కామెంటును ఇవాళే పెట్టండి, పైన రాసిన మూడు వాక్యాలను ఆ జవాబులోని కోడ్‌కు తగ్గట్టు మార్చుకోండి. వారంలో ఎవరూ సరిచేయకపోతే పారామీటర్లతో మీ జవాబు విడిగా రాయండి. పుల్ రిక్వెస్ట్ ఇంకా మెర్జ్ కాకపోతే (ప్రాజెక్టులో కలపకపోతే), మీరు మొదట అలా ఎందుకు రాశారో ఆ థ్రెడ్‌లోనే చెప్పండి. మెర్జ్ అయిపోయి ఉంటే, తప్పు బయటపడే టెస్టుతో కొత్త ఇష్యూ తెరవండి. చెరిపేసిన ప్రశ్న ఇంకా గుర్తుంటే దాన్ని ఇక్కడే కింద పెట్టండి, కీలు, కంపెనీ పేర్లు తీసేసి. ఏది ఉంచాలో, ఏది కోయాలో వాక్యం వాక్యం చూసి చెప్తాను.